చెయ్యి ఎంతవరకు లేస్తుంది

పోలమ్మ ఇంట్లో పడమటి గోడ మీద బొగ్గు గీతలున్నాయి. మొదటి గీత ఆమె నడుము దగ్గర, చివరిది ఆమె తలకు జానెడు పైన. కొత్తగా వచ్చినవాళ్లు పిల్లల ఎత్తు కొలిచి గీశారనుకుంటారు. పిల్లలవి కావు. ఆమె మొగుడు పెద్దమల్లయ్య కుడిచెయ్యి ఎంతవరకు లేచిందో నెలనెలా చూసుకుని గీసుకున్న గీతలు. వాటిని చూసినప్పుడల్లా పోలమ్మకు ఒళ్లు మండుతుంది. సున్నం పూసి చెరిపేద్దామని ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. చేతులు రాలేదు.

గిద్దలూరు నుంచి నల్లమల వైపు పోయే దారిలో, బస్సు ఆగిపోయే ఊరు దాటి గంట నడిస్తే వాళ్ల గూడెం. ముప్ఫై గడపల చెంచుగూడెం. పెద్దమల్లయ్యకు నలభై అయిదేళ్లు ఉంటాయి. వయసు రాసిన కాగితం ఏదీ లేదు కాబట్టి ఆధార్ కార్డు రాసినవాడు చూపుల మీద ఒక అంకె వేశాడు, అదే ఖాయమైంది. పని తేనె దించడం. చెట్టు మీది చిన్నతేనె ఎవరైనా దించుతారు. నిలువు బండల మీద, కింద లోయ ఉన్నచోట, మోకు పట్టుకుని దిగి కొండతేనె కోసుకొచ్చేవాళ్లు గూడెం మొత్తం మీద ముగ్గురే ఉండేవారు. అందులో ఒకడు కాలం చేశాడు, ఇంకొకడికి చూపు మందగించింది. మిగిలింది పెద్దమల్లయ్య.

కొండతేనెకు ఇద్దరు కావాలి. ఒకడు దిగాలి, ఇంకొకడు పైన మోకు పట్టాలి. పైన కూర్చునేవాడు ఎవరు పడితే వాడు కాకూడదు, దిగేవాడి పెళ్లాం తోడబుట్టినవాడే అయి ఉండాలి. సొంత తమ్ముడైనా మోకు ముట్టుకోకూడదు. ఈ కట్టడి పెట్టిన పెద్దలు మనుషులను బాగా ఎరిగినవాళ్లు. తమ్ముణ్ణి నమ్మలేదు, స్నేహితుణ్ణి నమ్మలేదు. అక్క బొట్టు చెరిగిపోతుందన్న భయం ఎవడికి ఉంటుందో వాడి చేతుల్లోనే ప్రాణం పెట్టమన్నారు.

పోలమ్మకు ఒకే తమ్ముడు, గోపి. పెద్దమల్లయ్యకు ఒకే చెల్లెలు, లక్ష్మి. రెండిళ్ల వాళ్లూ కుండమార్పిడి చేసుకున్నారు. పోలమ్మ ఇక్కడికొచ్చింది, లక్ష్మి గోపికి పెళ్లామైంది. దాంతో ఎవడు దిగినా రెండోవాడు మోకు పట్టవచ్చు. ఇరవై ఏళ్లు పెద్దమల్లయ్యే దిగాడు, గోపి పట్టాడు. గోపి ఒక్కసారి కూడా దిగలేదు, ఆ అవసరం రాలేదు.

రెండేళ్ల కిందటి ఎండాకాలంలో అవసరం వచ్చిపడింది. ఆ రోజు ఆడవాళ్లిద్దరూ బండ కింద డబ్బాలు పెట్టుకుని తలెత్తి చూస్తున్నారు. మోకు ఒక కొస పైన మద్దిచెట్టుకు కట్టి ఉంది. మిగతాది గోపి నడుముకు చుట్టుకుని, కాళ్లు రాతికి తన్నిపెట్టి, కింది నుంచి కేక వినబడితే వదులుతూ, ఇంకో కేకకు గుంజుతూ ఉన్నాడు. పెద్దమల్లయ్య ఒక పట్టు కోసి బుట్టలో వేసి, మూరెడు దూరంలో ఉన్న రెండో పట్టు కోసం పక్కకు వాలాడు. కాలు జారింది. మనిషి బరువంతా కుడిచేతి మీద పడింది. పైన గోపి ఒక్కడే గుంజాడు. అరచేతుల తోలు ఊడినా వదల్లేదు. పెద్దమల్లయ్య పైకి చేరాడు గానీ కుడిచెయ్యి వేరే మనిషిది తెచ్చి తగిలించినట్టు వేలాడుతోంది. భుజం గుండ్రం పోయి చదునుగా అయింది, గుండ్రమంతా చంకలోకి దిగింది.

గూడెంలో ముసలాయన ఒకడు పసరు కట్టు కట్టాడు. తొమ్మిది రోజులు ఆ కట్టుతోనే ఉన్నాడు. పదో రోజు జ్వరం వస్తే గోపి అతణ్ణి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ మత్తిచ్చి భుజం లోపలికి నెట్టారు.

"తొమ్మిది రోజులు ఏం చేస్తున్నారయ్యా?" అని డాక్టరు అరిచాడు.

పెద్దమల్లయ్య నవ్వాడు. పెద్దవాళ్ల ముందు ఆయనకు నవ్వొకటే వచ్చు. అడవి గార్డు అడిగినా, రేషను డీలరు అడిగినా, డాక్టరు అడిగినా "బాగుండాది సారూ" అంటాడు. లేదు, కాదు, నొప్పి అన్న మాటలు ప్యాంటు వేసుకున్నవాళ్ల ముందు ఆయన నోట్లోంచి రావు. ఇది వినయమని గూడెం బయటివాళ్లు మెచ్చుకుంటారు. పోలమ్మను అడిగితే ఇంకో మాట చెబుతుంది.

ఆసుపత్రిలో కసరత్తులు చేయించే గదిలో సాహితి అనే అమ్మాయి ఉండేది. పాతికేళ్లుంటాయి. చాలా మంచిపిల్ల. ఇంత నష్టం చేసినా ఆ పిల్ల మంచిదనే అంటుంది పోలమ్మ. గది మూలలో కొక్కేనికి ఒక ప్లాస్టిక్ అస్థిపంజరం వేలాడుతుండేది. సాహితి దాని మోచెయ్యి పట్టుకుని ముడిచి చూపించింది.

"చూడన్నా, ఇది తలుపు బందు లాంటిది. ముడుచుకుంటది, తెరుచుకుంటది. అంతే. మోకాలు కూడా దాదాపు ఇట్లనే. భుజం అట్ల కాదు." అస్థిపంజరం చెయ్యి పట్టుకుని ముందుకు, వెనక్కు, పైకి, గుండ్రంగా తిప్పింది. "ఇక్కడ గిన్నెలో గుండు ఉంటది. గుండు కాబట్టి ఎటంటే అటు తిరుగుతది."

"తుంటి కాడ కూడా అదే కదమ్మా?" అన్నాడు పెద్దమల్లయ్య. మేకను కోసి పాళ్లు వేసేవాడికి ఏ కీలు ఎక్కడ విడిపోతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

"అదే. కానీ తుంటి గిన్నె లోతు. గుండు లోపల కూరుకోని ఉంటది. మనిషి బరువు మొయ్యాల కదా. భుజానిది గిన్నె అనేది పేరుకే, పల్లెం అనుకో. లోతు లేదు కాబట్టే చెయ్యి అంత స్వేచ్ఛగా తిరుగుతది. లోతు లేదు కాబట్టే జారిపోతది కూడా."

పెద్దమల్లయ్య ఆ గుండు వంక చూశాడు. "లోతుగ పెట్టింటే పోయేది కదమ్మా, జారేది కాదు," అన్నాడు.

"లోతుగ పెట్టింటే తేనెపట్టుకు చెయ్యి చాపలేవన్నా."

ఆ మాట పోలమ్మకు గుచ్చుకుంది. ఇన్నేళ్లు అన్నం పెట్టిందీ, బండ మీద వదిలేసిందీ ఆ పల్లెమే. దేవుడు అన్నీ కుదిరేట్టు చేయలేకపోయాడు కాబోలు, ఒకటి ఇచ్చి ఇంకోటి తీసుకున్నాడు.

సాహితి ఇంకా చెప్పింది. కీలు చుట్టూ ఒక సంచి ఉంటుందని, అందులో జిగురునీళ్లు ఊరుతూ ఎముకకు ఎముక రాసుకోకుండా చూస్తాయని, ఆడించకుండా వదిలేస్తే ఆ సంచి ఎండిన తోలులా ముడుచుకుని కీలును పట్టేస్తుందని. "ఇంగ పాత బలం రాదన్నా, లోపల నరాలు తెగిపోయినాయి. కానీ రోజూ ఆడిస్తే బిగుసుకోదు. గోడ మీద వేళ్లతో పైకి నడిపించు. ఎక్కడి దాకా పోయిందో గీత గీసుకో. నెలకోసారి వచ్చి నాకు చెప్పు."

అక్కడ మొదలైంది గీతల పిచ్చి. పొద్దున లేస్తే గోడ దగ్గర నిలబడేవాడు. వేళ్లు ఒకదాని వెనక ఒకటి పైకి పాకేవి. పళ్లు బిగించేవాడు, చెమట కారేది. నెలకోసారి రెండు గంటలు బస్సులో పోయి సాహితి ముందు చెయ్యి ఎత్తేవాడు. ఆ పిల్ల చప్పట్లు కొట్టేది. "శభాష్ అన్నా! ఇంకొంచెం! ఇంకొంచెం! అంతే!" ఆ శభాష్ కోసం మళ్లీ నెలంతా గోడ పట్టుకునేవాడు. బడికి పోని మనిషికి ఆ వయసులో దొరికిన పంతులమ్మ. ఆమె దగ్గర మార్కులు తెచ్చుకోవడమే పనైంది.

చెయ్యి లేవడం వేరు, ఆ చేత్తో ఏదైనా పట్టుకోవడం వేరు. ఆ తేడా గోడ మీద గీతకు తెలియదు, పోలమ్మకు తెలుసు. కుడిచేత్తో నీళ్ల చెంబు ఎత్తితే సగంలో వణికి జారిపోయేది. అన్నం ఎడమచేత్తో తినడం నేర్చుకున్నాడు. గోడ దగ్గర చెయ్యి ఇంకొంచెం పైకి పోవడానికి నడుము పక్కకు వంచేవాడు, మడమలెత్తేవాడు. గీత పైకి పోయేది, చెయ్యి మాత్రం అక్కడే ఉండేది. "అట్ల వంగి గీస్తే ఎవరిని మోసం చేసినట్టు?" అని ఒకసారి అడిగింది. రెండు రోజులు మాట్లాడలేదు ఆయన.

ఆ మరుసటి ఏడు మాఘమాసంలో, గ్రామ సచివాలయంలో పనిచేసే సరళ అనే అమ్మాయి సదరం క్యాంపుకు ఆయన పేరు రాయించింది. వందకు నలభై వంతులు అవిటితనం ఉందని డాక్టరు రాసిస్తే నెలనెలా పింఛను వస్తుందని, బండలు దిగే అవసరం ఉండదని చెప్పింది. పోలమ్మకు ఆ మాటే ప్రాణమైంది. పింఛను వస్తే గోపి కూడా దిగక్కర్లేదు, రెండిళ్లూ ఏదో ఒకటి చేసి నెట్టుకురావచ్చు. దారి పొడుగునా బస్సులో మొగుడికి చెబుతూనే ఉంది.

"నొప్పి ఉంటే ఉండాదని చెప్పు. నవ్వబాక."

"సరేలేవే."

"చెంబు జారిపోతదని చెప్పు."

"సరేనంటి గదా."

క్యాంపులో వరండా నిండా జనం. కర్రలు, చక్రాల కుర్చీలు, చంకల్లో పిల్లలు. మధ్యాహ్నం దాటాక వంతు వచ్చింది. డాక్టరుకు ఊపిరి పీల్చే తీరిక లేదు. చేతిలో కోణం కొలిచే ప్లాస్టిక్ బద్దలున్నాయి. తల ఎత్తకుండానే "చెయ్యి ఎంతవరకు లేస్తుందో ఎత్తు," అన్నాడు.

పెద్దమల్లయ్య చొక్కా సర్దుకున్నాడు. పళ్లు బిగించాడు. ఆ ముఖం పోలమ్మకు తెలుసు, అది సాహితి ముందు పెట్టే ముఖం. ఆయన నడుము పక్కకు వంచి, మడమలెత్తి, చెయ్యి పైకి, పైకి, ఇంకా పైకి ఎత్తాడు. ఇన్ని నెలల్లో గోడ మీద ఎన్నడూ పోనంత పైకి పోయింది. నుదుటి మీద చెమట పట్టింది. ఎత్తిన చెయ్యి అలాగే నిలబెట్టి, డాక్టరు వంక చూసి, శభాష్ కోసం నవ్వాడు.

"నొప్పి ఉందా?"

"లేదు సారూ. బాగుండాది."

"సారూ, అది కాదు సారూ..." అంది పోలమ్మ.

"నువ్వు ఆగమ్మా. నేను అడిగేది ఆయన్ని." డాక్టరు బద్దలు పెట్టి కొలిచాడు, ఏదో రాశాడు, తర్వాతివాణ్ణి పిలిచాడు.

పోలమ్మ ఆగింది. జీవితంలో ఆమె చేసిన పెద్ద తప్పు అదే. డాక్టరు గద్దించినందుకు కాదు ఆగింది. పది మంది ముందు మొగుడి చెయ్యి పనికిరానిదని చెప్పడానికి నోరు రాలేదు. అంత కష్టపడి ఎత్తిన చేతిని, ఆయన చూస్తుండగా, ఉత్త వేషమని ఎట్లా చెబుతుంది? బయటికొచ్చాక ఆయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. గంటసేపు లేవలేకపోయాడు. పెదవులు తెల్లబడ్డాయి. అప్పుడు లోపలికి పరిగెత్తి, ఇదిగో ఇప్పుడు చూడండి అని అరవాల్సింది. అరవలేదు.

నెల తర్వాత సరళ కాగితం తెచ్చింది. తెచ్చిన పిల్ల ముఖం చిన్నబోయింది. "ముప్ఫై రెండే వేసినారు పెద్దమ్మా. నలభై లేకుంటే రాదు."

పోలమ్మ గడప మీద కూర్చుండిపోయింది. పెద్దమల్లయ్య మాత్రం దగ్గరికొచ్చాడు. "ముప్ఫై రెండు పోతే ఇంగెంత మిగిలింది పాపా?"

"అరవై ఎనిమిది."

"అంటే సగానికి పైన బాగుండాదనే గదా, గవర్మెంటు డాక్టరు రాసినాడు?"

సరళ తలూపింది. ఆయన కాగితం తీసుకుని పాలిథిన్ కవరులో పెట్టి దూలం సందులో దోపాడు. గూడెంలో ప్రతివాడికీ చూపించాడు. పింఛను రాదని చెప్పిన కాగితాన్ని బిరుదులా తిప్పుకునే మనిషిని పోలమ్మ అప్పుడే చూసింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఎండలు ముదిరాయి. కొండతేనె కాలం. పింఛను లేదు, వేరే దారీ లేదు. ఈసారి తానే దిగుతానని గోపి అన్నాడు. గోపి దిగితే మోకు పట్టవలసింది లక్ష్మి అన్న. అంటే పెద్దమల్లయ్యే. ఆయన ముఖం వెలిగిపోయింది. నా ప్రాణం నిలబెట్టినాడు, ఇప్పుడు వాని ప్రాణం నేను పట్టుకోవాల అంటూ పాత మోకు తీసి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, పురులు సరిచేశాడు. ఎడమచేత్తోనే.

వెళ్లే ముందురోజు వాగు దగ్గర లక్ష్మి ఒంటరిగా దొరికింది. బిందె నింపకుండా పోలమ్మ వంక చూస్తూ నిలబడింది.

"వదినా, మా అన్న చెయ్యి నిజంగ బాగుండాదా?"

పోలమ్మ వంగి బిందె నింపుకుంది.

"మా ఇంటాయన్ని అడిగితే, బావను కాదనేదెట్ల అంటాడు. చచ్చినా కాదనడు. నాకు ఇద్దరు పిల్లలు వదినా," అంది లక్ష్మి. బిందె ఖాళీగానే పట్టుకుని పోయింది.

తెల్లవారి గోపి వచ్చాడు, లక్ష్మి డబ్బాలు పట్టుకుని వెనకే ఉంది. పెద్దమల్లయ్య మోకు భుజానికి వేసుకుని సిద్ధంగా ఉన్నాడు, ఎడమ భుజానికే. గోపి ఆ భుజం చూశాడు, నేల చూశాడు.

"ఏం రా బామ్మర్దీ, జంకుతాండావా? కాగితం చూపియ్యనా?" అని నవ్వాడు పెద్దమల్లయ్య.

"లేదు బావా. పోదాం పా."

అప్పుడు పోలమ్మ గడపకు అడ్డం నిలబడింది.

"పోబాకరా గోపీ. ఆ చేతిలో నీ ప్రాణం పెట్టబాక. నీళ్ల చెంబు నిలవదు ఆ చేతిలో. ఎడంచేత్తో తింటాడు, నువ్వు వస్తే తినేది ఆపి ఊరికే కూసుంటాడు. పండుకుంటే ఆ పక్కకు తిరగలేడు. డాక్టరు ముందర లేసింది చెయ్యి కాదురా, నడుము వంచి లేపినాడు. ఆ మెట్ల మీద గంటసేపు పడిపోయినాడు. ఆ గోడ మీద గీతలన్నీ అబద్ధం."

ఒక్కటొక్కటిగా అన్నీ చెప్పింది. అవే మాటలు డాక్టరు ముందు చెప్పివుంటే వంతులు నలభై దాటేవి. వినాల్సినవాడి దగ్గర మింగేసి, వినకూడనివాడి ముందు కక్కేసింది. చెబుతుంటేనే ఆ సంగతి ఆమెకు తెలుస్తోంది. అయినా ఆగలేకపోయింది.

లక్ష్మి డబ్బాలు కింద పెట్టి చెంగు నోట్లో కుక్కుకుంది. గోపి బావ ముఖం చూడలేక వెనక్కి తిరిగాడు. పెద్దమల్లయ్య మోకు భుజం మీంచి దించి, చుట్ట చుట్టి, చూరుకు తగిలించాడు. పెళ్లాన్ని ఒక్క మాట అనలేదు. రెండు తిట్లు తిట్టినా పోలమ్మకు సుఖంగా ఉండేది. ఆ ఏడు ఎవరూ బండ దిగలేదు. గోపి గిద్దలూరులో సిమెంటు బస్తాలు దించే పనికి పోయాడు, ఆదివారాలు వస్తాడు. బావ ఇంటి వైపు రాడు.

ఆ రోజు తర్వాత పెద్దమల్లయ్య గోడ దగ్గరికి పోలేదు. చెయ్యి ఒంటికి ఆనించుకుని అరుగు మీద కూర్చునేవాడు. "ఆడించయ్యా, ఆ పాప చెప్పింది గదా, పట్టేస్తది," అని పోలమ్మ బతిమాలింది. నూనె కాచి తెచ్చి భుజానికి రాయబోతే లేచి పక్కకు జరిగాడు. సాహితి దగ్గరికి పోదామంటే బస్సెక్కలేదు. సంచి ముడుచుకుంటూ పోయింది. దసరా నాటికి చెయ్యి తెచ్చి నోటికి అందించుకోలేకపోయాడు. కార్తీకంలో చొక్కా తొడగాలంటే పోలమ్మ తొడగాల్సి వచ్చింది. ఆ పని మాత్రం వద్దనలేదు.

ఈ చలికాలంలో సరళ మళ్లీ క్యాంపుకు పేరు రాయించింది. రాడనే అనుకుంది పోలమ్మ, వచ్చాడు. అదే వరండా, అదే డాక్టరు, అవే బద్దలు.

"చెయ్యి ఎంతవరకు లేస్తుందో ఎత్తు."

పెద్దమల్లయ్య ఎత్తలేదు. నడుము వంచలేదు, పళ్లు బిగించలేదు, నవ్వలేదు. డాక్టరు తానే పట్టుకుని ఎత్తి చూశాడు. చెయ్యి నడుము దాటి జానెడు కూడా రాలేదు, దాంతో పాటు భుజమంతా కదిలింది. డాక్టరు కొలిచాడు. పాత కాగితం తిరగేశాడు. మొదటిసారి తల ఎత్తి మనిషి ముఖం చూశాడు.

"యాభై దాటింది. పింఛను వస్తుందిలే." మళ్లీ పాత కాగితం చూశాడు. "పోయినసారి బాగా లేచింది కదయ్యా ఇది! ఇంతలో ఏమైంది?"

పెద్దమల్లయ్య ఎడమచేత్తో చొక్కా బొత్తాం పెట్టుకుంటూ, ఇన్ని నెలల్లో మొదటిసారి పెళ్లాం వైపు చూశాడు.

"ఆమెను అడుగు సారూ," అన్నాడు.

డాక్టరు పోలమ్మ వైపు తిరిగాడు. "చెప్పమ్మా," అని పెన్ను పట్టుకుని ఎదురుచూశాడు. వెనక వరుసలో జనం గొణుగుతున్నారు. పోలమ్మ వంగి, మొగుడి చొక్కాకు మిగిలిన బొత్తాలు పెట్టసాగింది.